9900 అని రాసిన సెల్‌ను ఒక్కసారి త్రాసులో పెట్టించండి, మంత్రి గారూ

రాష్ట్ర పౌర సరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

విజయవాడ గవర్నర్‌పేటలో టార్చిలైట్లు, ఎమర్జెన్సీ లైట్లు, బ్లూటూత్ స్పీకర్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ఇది నేరుగా మీ శాఖకు సంబంధించిన విషయం కాబట్టి మీకే రాస్తున్నాను, నలుగురూ చదవాలని ఇక్కడ పెడుతున్నాను.

విషయం లిథియం సెల్స్. మేం 18650 అంటాం. 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే గుండ్రటి సెల్. టార్చిలో అదే, చాలా పవర్ బ్యాంకుల్లో అదే, పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లో అదే, దొంగచాటుగా తిరుగుతున్న వేప్‌లలో, అంటే ఈ-సిగరెట్లలో కూడా అదే. బజార్లో విడిగా కొంటే దాని మీద 6800 అనో, 8800 అనో, 9900 ఎంఏహెచ్ అనో అచ్చేసి ఉంటుంది. ఎంఏహెచ్ అంటే సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క. ఆ సైజులో అంత పట్టదండీ. పేరున్న కంపెనీల మంచి సెల్‌లో ఉండేదే 2500 నుంచి 3500, ఎంత గొప్పదైనా 4000కి అటూ ఇటూ. మిగతాదంతా అబద్ధం, అదీ పట్టపగలు అచ్చేసి అమ్ముతున్న అబద్ధం.

పట్టుకోవడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. అసలు సెల్ 45 గ్రాములు, ఆ పైన తూగుతుంది. మొన్న ఒక కస్టమర్ టార్చిలోంచి తీసిన 9900 సెల్‌ను పక్కనున్న బంగారప్పని ఆయన త్రాసులో పెడితే 31 గ్రాములొచ్చింది. ఇంకోటి బరువు సరిగ్గానే ఉంది కానీ, మెరిసే నీలం రేపర్ అంచు గోటితో లేపితే కింద మాసిపోయిన పాత రేపర్ కనపడింది, మొన మీద వెల్డింగ్ చుక్కల మచ్చలు. ఏదో పాత ప్యాకులోంచి పీకి కొత్త చొక్కా తొడిగారన్నమాట. మొదటి రకాన్ని త్రాసు పట్టిస్తుంది, రెండోదానికి కన్ను కావాలి. కిరాణా కొట్లో కాటా తేడా ఉంటే కేసు రాసే తూనికలు కొలతల శాఖ మీ దగ్గరే ఉంది, మరి ఈ అంకె ఎవరి లెక్కలోకీ ఎందుకు రావట్లేదు?

ఎంఏహెచ్ మోసంతో పోయేది డబ్బే. సెల్ ఒకేసారి ఎంత కరెంటు, అంటే ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో తెలియకపోతే మాత్రం ఒళ్ళు కాలుతుంది, ఆ సంగతి రేపర్ మీద రాసేవాడే లేడు. వేప్‌ల గురించి కూడా సూటిగా చెప్తాను. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే, ఆ చట్టం ఉండాల్సిందే, సడలించమని నేను అడగట్లేదు. కానీ చాటుగా తెచ్చుకున్న కుర్రాడు ఇంట్లో అడగలేడు, షాపులో అడగలేడు, ఎంఏహెచ్ ఎక్కువున్నదే మంచిదనుకుని కొనేస్తాడు. రక్షణ సర్క్యూట్ లేని పరికరంలో 0.15 ఓమ్‌ల కాయిల్, అంటే వేడెక్కే తీగచుట్ట పెడితే, నిండా చార్జయిన 4.2 వోల్టుల సెల్ నుంచి 28 ఆంపియర్లు లాగుతుంది. 3500 ఎంఏహెచ్ మంచి సెల్స్ చాలావరకు 8, 10 ఆంపియర్లకే చేసినవి. 20 ఆంపియర్లు తట్టుకునేవి ఎక్కువగా 2500, 3000 దగ్గరే ఉంటాయి. అంటే బజారు నేర్పే లెక్క పూర్తిగా తలకిందులు. జేబులో విడి సెల్, బండి తాళాలు కలిసి ఉన్నాయంటే ఇంకా ఘోరం, ఎందుకంటే సెల్ ఒళ్ళంతా నెగటివే, పాజిటివ్ మొనకూ దానికీ మధ్య అడ్డం ఒక సన్నటి రింగు, ఆ పైన రేపర్, అంతే. తాళం రెండింటికీ తగిలిందా, షార్ట్ సర్క్యూటే. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2021 జనవరిలోనే విడి 18650 సెల్స్ కొనొద్దని, వాడొద్దని జనాన్ని హెచ్చరించింది.

ఇక చార్జింగ్. 4.2 వోల్టుల దగ్గర ఆగిపోవాలి. చవక చార్జర్లు కొన్ని ఆగవు, మీటర్ పెట్టి చూశాను, దాటి పోతూనే ఉంటాయి. సెల్ కంపెనీలు చార్జింగ్‌కు పెట్టే హద్దు మామూలుగా 45 డిగ్రీలు. రోహిణి కార్తెలో మన బెజవాడలో బయటే 45 చూస్తాం, ఇక రేకుల ఇంట్లో గూట్లో పెట్టిన చార్జర్ దగ్గర ఎంతుంటుంది? అందుకే షాపుకొచ్చిన వాళ్ళకు చెప్తుంటాను: ఒక ఆంపియర్ చార్జర్ చాలు, పరుపు మీద కాకుండా గచ్చు మీద పెట్టండి, రాత్రంతా వదిలేసి పడుకోకండి, రేపర్ చిరిగిన సెల్‌ను అసలు చార్జింగ్ పెట్టొద్దు, కొత్తదీ పాతదీ కలిపి ఒకే టార్చిలో వేయొద్దు. వాడేది బండి నుంచి తీసిన పెద్ద బ్యాటరీ అయితే పడకగదిలోకే తేవద్దు. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన ఈ-బైక్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటాయన చనిపోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ ఏడాది దేశంలో అలాంటివి వరసగా జరిగాక కేంద్రం ఈవీ బ్యాటరీల పరీక్షలు కఠినం చేసింది. విడి సెల్స్ మాత్రం ఇంకా ప్లాస్టిక్ బుట్టల్లో కుప్పపోసే అమ్ముతున్నారు.

కొత్త చట్టమేమీ అడగట్లేదు. లిథియం సెల్స్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఇప్పటికే తప్పనిసరి, దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో తెలిసిపోతుంది. మీ తూనికలు కొలతల వాళ్ళను, బీఐఎస్ వాళ్ళను కలిపి బీసెంట్ రోడ్డులో, గుంటూరులో మార్చి దాటకుండా తనిఖీలు పెట్టించండి. చిన్న కొట్టువాణ్ణి బెదిరించి వదిలేయకండి, అతనికి ఆ సరుకు బిల్లు లేకుండా దింపిన హోల్‌సేలర్ దాకా వెళ్ళండి. పాడైన సెల్స్ వేయడానికి వార్డు సచివాలయాల్లో ఒక ఇనప డబ్బా పెట్టించండి, ఇప్పుడవన్నీ చెత్తబండిలోకే పోతున్నాయి, అక్కడ నలిగితే మంటే. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లకు వెల్డింగ్ మచ్చలు, రేపర్ తేడాలు చూపించాలంటే కబురు పెట్టండి, షాపు మూసుకుని వస్తాను.