మీ టెస్ట్ ప్లగిన్‌లో ప్రకటించని డిపెండెన్సీ: మూసేసిన టికెట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మేం లైసెన్స్ కొని వాడుతున్న మీ పైటెస్ట్ (పైథాన్ కోడ్ టెస్టులు నడిపే సాధనం) రిపోర్టింగ్ ప్లగిన్ గురించి ఈ లేఖ. ప్లగిన్ ఎక్కిస్తే టెస్టులే మొదలవడం లేదని ఇంతకుముందు పెట్టిన టికెట్‌ను మీవాళ్లు "సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని ఒక్క ముక్క రాసి మూసేశారు. పైథాన్ ప్యాకేజీలు తయారుచేసే ఆ సాధనాన్ని ఎక్కించే చిట్కాతోనే ప్రస్తుతానికి పని నడుస్తోంది. కానీ సమస్య అలాగే ఉంది.

పైథాన్ 3.12లో కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలను విడిగా ఉంచే చోటు) తయారుచేసి, మీ ప్లగిన్ ఎక్కించి పైటెస్ట్ నడిపితే ఒక్క టెస్టు కూడా మొదలవదు. సెటప్‌టూల్స్‌లో భాగమైన 'పీకేజీ_రిసోర్సెస్' అనే మాడ్యూల్ లేదంటూ ఎర్రర్ వస్తుంది. ట్రేస్‌బ్యాక్ చివర కనిపించేది మీ ఫైల్, అందులో పైనున్న ఇంపోర్ట్ లైను. తెరిచి చూస్తే, ఆ ఇంపోర్ట్ అవసరమైంది మీ వెర్షన్ నంబర్ చదవడానికి మాత్రమే! ఇన్‌స్టాల్ అయిన ప్లగిన్లను పైటెస్ట్ ముందే లోడ్ చేస్తుంది కాబట్టి, మీ రిపోర్టులతో ఏ సంబంధమూ లేని టెస్టులు కూడా ఆగిపోయాయి. రిలీజ్ దగ్గరపడ్డ వేళ ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

2023 అక్టోబరులో వచ్చిన 3.12 నుంచి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు తయారుచేసే 'వెన్వ్' తనంతట తాను సెటప్‌టూల్స్‌ను పెట్టడం మానేసింది. అంతకుముందు అది అడక్కుండానే దొరికేది కాబట్టి మీ లోపం బయటపడలేదు. మీ ప్యాకేజీ మెటాడేటాలోని అవసరమైన ఇతర ప్యాకేజీలను (డిపెండెన్సీలను) ప్రకటించే 'రిక్వైర్స్-డిస్ట్' లైన్లలో సెటప్‌టూల్స్ పేరు లేదు. ప్రకటించిన డిపెండెన్సీలన్నీ ఉన్నాయో లేదో చూసే 'పిప్ చెక్' నడిపితే అంతా బాగానే ఉందంటుంది. పాపం దాని తప్పేముంది, మీరు రాసినవే అది సరిచూస్తుంది. ఆ మాట నమ్మి మేం చాలాసేపు మా కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాం.

చేత్తో ఇన్‌స్టాల్ చేసుకోమనడంలో ఇంకో చిక్కుంది. మా కోడ్‌లో ఎక్కడా వాడని ప్యాకేజీ మా రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో కనిపిస్తే, రేపు ఎవరో ఒకరు అనవసరమనుకుని తీసేస్తారు. కథ మళ్లీ మొదటికొస్తుంది. పోనీ పైటెస్ట్‌లోని 'నో' ఆప్షన్‌తో ప్లగిన్‌ను ఆపేసుకుందామంటే, ఇక లైసెన్స్ ఎందుకు?

టికెట్‌ను మళ్లీ తెరవండి. సెటప్‌టూల్స్‌ను 'పీకేజీ_రిసోర్సెస్' ఉన్న వెర్షన్‌తో, మీ పైప్రాజెక్ట్ ఫైల్‌లోని డిపెండెన్సీల్లో చేర్చండి. అంతకంటే మేలు, ఆ ఇంపోర్టే తీసేయడం: వెర్షన్ చదవడానికి 'ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా' పైథాన్ 3.8 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది. ఇకపై ప్రతి రిలీజ్‌కు ముందు, పైటెస్ట్, మీ వీల్ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైల్) తప్ప మరేమీ ఎక్కించని ఎన్విరాన్‌మెంట్‌లో ఒక్కసారి నడిపి చూడండి. డెవలపర్ల మెషీన్లలో ఏవేవో ప్యాకేజీలు ముందే ఉంటాయి, అక్కడ ఇలాంటివి దొరకవు.

ఎర్రర్ లాగ్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా చూపే 'పిప్ ఫ్రీజ్' అవుట్‌పుట్ జతచేశాను. సవరించిన వెర్షన్ ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
టెస్టింగ్ టీమ్ తరఫున,
మీ లైసెన్స్ వినియోగదారు