పసిబిడ్డ చర్మానికి ఇంత ఖరీదు అవసరమా?

సంపాదకులకు నమస్కారం.

మా మనుమరాలి ఇరవై ఒకటో రోజు వేడుకకని పర్లాకిమిడిలోని ఒక దుకాణంలో లోషను, షాంపూ, నూనె ఉన్న పెట్టెను 1,800 రూపాయలకు కొన్నాను. ఇంటికి వచ్చి కళ్ళజోడు పెట్టుకొని చూస్తే, ముందువైపు ‘అతి సున్నితం’ అని పెద్దగా రాసిన సీసా వెనుక, చీమ తలకాయంత అక్షరాలలో ‘పర్ఫ్యూమ్’ అని ఉంది. కొందరు పిల్లలకు సువాసన ద్రవ్యాలే పడవు కదా, మరి అదనపు ధర ఆ వాసనకేనా?

బ్రిటన్‌లో 1,394 మంది శిశువులపై జరిగి, 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన అధ్యయనంలో, మొదటి ఏడాదంతా రోజూ మాయిశ్చరైజర్ రాసినవారిలో 23 శాతానికి, అలా రాయనివారిలో 25 శాతానికి రెండేళ్ల వయసులో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) కనిపించింది. అంటే నివారణగా అది పనిచేసినట్లు ఆధారం దొరకలేదు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు మాయిశ్చరైజర్ అవసరమే, అయితే దానికి వాసన లేని సాదా క్రీము చాలు.

అలాగని పాత పద్ధతులన్నీ మంచివని అనను. మా ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో వాడే ఆవనూనె లేత చర్మాన్ని మండించవచ్చు. మన సున్నిపిండి రుద్దుడూ అంతే. గోరువెచ్చని నీళ్లు, అరచేతిలో కాస్త కొబ్బరినూనె మా పాపకు సరిపోతున్నాయి.

సరిహద్దు జిల్లాల్లో అమ్మే ఇలాంటి సీసాలపై వివరాలను ఒడియా, తెలుగు భాషల్లో చదవదగిన అక్షరాలతో ముద్రించేలా చూడాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా