మున్సిపల్ శాఖ మంత్రి గారికి: ఆ వీధిలైటుకి ఒక్క మూత పెట్టించండి సార్

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఇలా అందరి ముందూ రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి సార్. ఎల్‌ఈడీ లైట్ల పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. కరెంటు ఆదా అయింది, మంచిదే, దాని మీద నాకే పేచీ లేదు. నా బాధంతా మా పెరటి గోడ అవతల స్తంభానికి బిగించిన లైటు గురించే. దాన్ని రోడ్డు వైపు వంచకుండా పైకెత్తి బిగించారు. రోడ్డు మీద పడేది కొంతే, మిగతా వెలుగంతా మా పెరట్లోకి, పక్కింటి మేడ మీదకి, ఆకాశంలోకి.

నేను పెరట్లో చిన్న టెలిస్కోపు పెట్టుకుని నెబ్యులాల, అంటే ఆకాశంలో ఉండే వాయువు, ధూళి మేఘాల, ఫోటోలు తీస్తాను. మా అమ్మమ్మ వాళ్లు గొల్లకావిడి అనే మూడు చుక్కలున్నాయి కదా, వాటిలో తూర్పు చివరి చుక్క పక్కనే గుర్రం తల ఆకారంలో నల్లటి ధూళి, దాని వెనకాల ఎర్రటి తెరలా హైడ్రోజన్ వాయువు ఉంటాయి. ఆ ఎరుపు 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వస్తుంది. మామూలు కంటికి కనపడదు, ఐదేసి నిమిషాల ఎక్స్‌పోజర్లు గంటల తరబడి తీసి, అన్నీ కలిపి స్టాక్ చేస్తే గానీ బయటపడదు.

పాత సోడియం లైట్లప్పుడూ ఊళ్లో వెలుగుండేది సార్, కానీ అది చాలా వరకు పసుపే, 589 నానోమీటర్ల చుట్టూనే ఉండేది, ఆ హైడ్రోజన్ ఎరుపును మాత్రమే వదిలే హెచ్-ఆల్ఫా ఫిల్టర్ పెడితే ఎక్కువ భాగం ఆగిపోయేది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు నీలం నుంచి ఎరుపు దాకా పరుచుకుని ఉంటుంది, ఫిల్టర్ పెట్టినా కొంత దూరుతుంది. అది చాలదన్నట్టు లైటు నేరుగా గొట్టంలోకే కొడుతుంటే ఎంత ఖరీదైన ఫిల్టర్ అయినా ఏం చేస్తుంది? ఫ్రేములో ఒక పక్కంతా తెల్లటి మసక, సాఫ్ట్‌వేర్‌లో ఎంత తుడిచినా పోదు, తుడిస్తే దాంతో పాటే నెబ్యులా కూడా పోతుంది.

మనకు ఆకాశం దొరికేదే కొన్నాళ్లు. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు, మబ్బులు. చలికాలంలో ఓరియన్, రోజెట్, కాలిఫోర్నియా నెబ్యులాలు పైకొస్తాయి, పున్నమి చుట్టూ రోజులు, పొగమంచు రాత్రులు తీసేస్తే మిగిలేవి ఏపాటి? ఆ మిగిలినవే ఈ లైటు తినేస్తోంది.

అర్జీ ఇస్తే రసీదు ఇచ్చారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు స్వయంగా వచ్చి చూశారు, "రేకు మూత పెట్టిస్తాం, వారంలో అయిపోతుంది" అన్నారు. ఆ వారం ఇంకా రాలేదు. తర్వాత నా ఫోనుకి సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, బయటికెళ్లి చూస్తే లైటు అలాగే ఉంది. మళ్లీ అర్జీ ఇచ్చాను, ఈసారి మనుషులొచ్చి పాత లైటు తీసేసి అంతకంటే ఎక్కువ వెలుగుండేది బిగించి వెళ్లారు. చీకటిగా ఉందని ఫిర్యాదు చేశానని రాసుకున్నారట! లైన్‌మన్‌ని అడిగితే మూతలు స్టోర్‌లో లేవు అంటాడు, స్టోర్‌లో అడిగితే పైనుంచి ఆర్డర్ రావాలి అంటారు. పైన అంటే ఎవరు సార్? మీరే కదా, అందుకే మీకు రాస్తున్నా.

వీధి చీకటి చేయమని నేను ఎక్కడా అడగలేదు. ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే దారి అది, వెలుగు ఉండాల్సిందే. కానీ ఇప్పుడు బండి మీద వచ్చేవాళ్ల కళ్లల్లోకే కొడుతోంది, కింద గుంత కనపడటం లేదు. వెలుగు కిందకి పడితే వాళ్లకీ మంచిదే, నాకూ మంచిదే.

లద్దాఖ్‌లోని హాన్లేలో 2022లో డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి ఆకాశం చీకటిని కాపాడే ప్రాంతం, పెట్టి ఊరివాళ్లతో సహా లైట్లు అదుపులో పెట్టుకున్నారు. మనమూ హైదరాబాద్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపుతో జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ పెట్టుకున్నవాళ్లమే. హాన్లే అంత చీకటి మాకొద్దు సార్. లైటు సమంగా వంచి, పైన మూత పెట్టి, వీలైతే 3000 కెల్విన్ పసుపు వెలుగుది వేయించండి. ఇక ముందు బిగించే ప్రతి లైటూ కిందకే చూసేలా ఒక్క ఆర్డర్ ఇవ్వండి.

మా వీధి పిల్లలు నా లాప్‌టాప్ చుట్టూ చేరి "అంకుల్, ఆ ఎర్రది నిజంగా పైన ఉందా" అని అడుగుతారు. ఉందని నమ్మించడానికి నాకు మంచి ఫోటో కావాలి. ఈ చలికాలం అయిపోకముందే ఆ మూత పెట్టించండి సార్, దయచేసి పెట్టించండి. స్తంభం నంబరు, పాత రసీదులు అన్నీ నా దగ్గరున్నాయి, ఎవర్ని పంపినా చూపిస్తాను.

ఇట్లు,
ఇంటిపన్ను కట్టే ఒక పౌరుడు