ఊరి గ్రూపులో ఆడవాళ్ళేరి?

సంపాదకులకు నమస్కారం.

వాట్సాప్ వచ్చాక పల్లెల్లో మనుషులు దగ్గరయ్యారా, దూరమయ్యారా అని ఎక్కడ నలుగురు కూర్చున్నా వాదన నడుస్తూనే ఉంటుంది. దగ్గరయ్యారనే నేనంటాను. కాకపోతే దగ్గరైంది మగవాళ్ళు.

మాది జగిత్యాల జిల్లాలో చిన్న ఊరు. ఊరి గ్రూపులో మస్కట్‌లో ఉన్నవాళ్ళు, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు, భీవండికి పోయి స్థిరపడ్డవాళ్ళు అందరూ ఉన్నారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి అక్కడివాళ్ళు వాయిస్ మెసేజ్‌లు పెడతారు. ఎవరింట్లో చావు జరిగినా, ఎవరి బర్రె తప్పిపోయినా, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ శవాన్ని ఇంటికి తెప్పించడానికి చందాలు పోగేయాలన్నా అన్నీ అందులోనే. మంచిదే, కాదనను. కానీ సభ్యుల లిస్టు కిందిదాకా చూస్తే ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాళ్ళలో ఒకరు ఏఎన్ఎం, ఒకరు అంగన్‌వాడీ టీచరు.

నేను మహిళా సంఘం లెక్కలు రాస్తాను. మా ఊళ్ళో వడ్ల కొనుగోలు కేంద్రం నడిపేది ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కింద ఉన్న ఈ సంఘమే. తేమ 17 శాతం దాటిందని వడ్లు మళ్ళీ ఆరబోయమని చెప్పేది, తిట్లు తినేది మా ఆడవాళ్ళే. పోయిన సీజన్‌లో గోనె సంచులు ఎప్పుడొస్తాయి, లారీ ఏమైంది అని గ్రూపులో అర్ధరాత్రి దాకా వాదులాట, ఒకరు సంఘం వాళ్ళు దాచిపెట్టారని కూడా రాశారు. జవాబు తెలిసిన మా అధ్యక్షురాలు ఆ గ్రూపులో లేదు. ఆమె భర్త ఉన్నాడు, ఆయనేమో తొమ్మిదికే పడుకున్నాడు. తెల్లారి అందరూ కేంద్రం దగ్గరికొచ్చి ముందే చెప్పొచ్చు కదా అని ఆమె మీద పడ్డారు. ఎక్కడ చెప్పాలి?

అసలు ఊరి గ్రూపు ఎక్కువ అవసరమయ్యేది కోడళ్ళకే అని నాకనిపిస్తుంది. మగవాళ్ళు పుట్టింది పెరిగింది ఇక్కడే, గ్రూపు లేకున్నా అందరూ తెలుసు. పెళ్ళయి వేరే ఊరి నుంచి వచ్చిన పిల్లకు రెండు వాడల అవతల ఎవరున్నారో ఏళ్ళు గడిచినా తెలియదు, భర్త గల్ఫ్ పోతే ఇంక అత్తగారిల్లు, పొలం, అంతే. ఆ పిల్లను పుట్టింటి ఊరి పదో తరగతి బ్యాచ్ గ్రూపులో కూడా అందరికన్నా చివర కలుపుతారు, ఎందుకంటే నంబరు దొరకదు, దొరికినా ఫోన్ ఎత్తేది ఆమె భర్త.

నంబరు గ్రూపులో పెడితే రాత్రిపూట ఎవడో హాయ్ అంటాడని భయం. ఆ భయం ఉత్తదేం కాదు, మాకు తెలుసు. అయితే దానికి దారి ఉంది. 2022లో వాట్సాప్ తెచ్చిన ‘కమ్యూనిటీ’ అనే సదుపాయంలో సంఘం గ్రూపు, రైతుల గ్రూపు, యూత్ గ్రూపు దేనికదే ఉంచుకుని ప్రకటనలకు మాత్రం అందరినీ ఒకచోట కలపొచ్చు, అక్కడ అడ్మిన్లే రాస్తారు, వేరే గ్రూపువాళ్ళకు మన నంబరు కనపడదు. యూత్ పిల్లలు ఒక పూట కూర్చుంటే అయిపోయే పని, పండగ ఫ్లెక్సీకి పెట్టే టైంలో సగం కూడా పట్టదు.

చదువు రానివాళ్ళు ఎలా అంటారు. వాయిస్ మెసేజ్ వినడానికి చదువెందుకు? మా జిల్లా లంబాడిపల్లి గంగవ్వను యూట్యూబ్‌లో ఊరూరా చూశారు కదా, పెద్దగా చదువుకోకుండా పొలం పనులు చేసుకునే మనిషి. ఇంట్లో స్మార్ట్‌ఫోనే లేనివాళ్ళకు మాత్రం పాత డప్పు చాటింపు పద్ధతే ఉండాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి జనం వణికిపోయినప్పుడు, జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊళ్ళలోకి పంపి, డప్పు కళాకారులతో పాటలు పాడించి నిజం చెప్పించారు. డప్పు చాటింపు వాడవాడకూ వినపడేది, గిన్నెలు తోముకునే ఆడమనిషికి కూడా. గ్రూపు వచ్చిందని చాటింపు ఆపేసిన ఊళ్ళలో, మా ఊరితో సహా, ఇప్పుడు నల్లా రాదన్న కబురు ముందు చేరేది నీళ్ళు పట్టని మగవాళ్ళకు.

ఇంకొక్కటి. తెలంగాణలో సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్ళకు రిజర్వ్ చేశారు. చాలాచోట్ల గ్రూపు అడ్మిన్ మాత్రం సర్పంచ్ గారి భర్తే, పంచాయతీ గోడ మీదుండే ఫోన్ నంబరూ ఆయనదే. సర్పంచ్ అక్కలు ముందు ఆ నంబరు చెరిపించి తమది రాయించాలి, ఆ నంబరుతోనే గ్రూపు అడ్మిన్ కావాలి. సంచుల సంగతి, లారీల సంగతి ఇక మేమే నేరుగా చెప్తాం.

- మహిళా సంఘం సభ్యురాలు, జగిత్యాల జిల్లా