ఆ పెన్సిలు గీతలకు వందనాలు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. దగ్గరి చుట్టం మిర్చి వ్యాపారం లోనుకి ష్యూరిటీ సంతకం పెట్టాలా వద్దా అన్నది నిన్నటితో తేలింది. పెట్టలేదు. ఇంట్లోవాళ్లు తోడున్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఆ పెద్దాయన గురించి.

ఆయన మా సంఘం కాదు, మాకు పరిచయమూ లేదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి. పెట్టొచ్చా అంటే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాగితాలు తెమ్మన్నారు. భూతద్దంతో 14 పేజీలూ చదివి మూడు చోట్ల సన్నగా గీత గీశారు. మొదటిది, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో ష్యూరిటీదీ అంతే అన్న చోట. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ అదే. బ్యాంకు ముందు అతని వెంటపడాలనేం లేదు, నేరుగా మన గుమ్మంలోకే రావచ్చు. రెండోది 'కంటిన్యూయింగ్ గ్యారంటీ'. ఈ ఏడు బాకీ తీరినా, మళ్లీ వాడుకున్నదానికీ మనమే. నోటీసిచ్చి ఇకముందు వాటికి ఆపుకోవచ్చు గానీ అప్పటిదాకా ఉన్నది మన నెత్తినే. మూడోది, ఎంత మొత్తానికో రాయాల్సిన గడి. ఖాళీ! అక్కడ పెన్సిలు రెండుసార్లు నడిచింది.

అప్పుడు బైబిలు తీశారు. సామెతలు 11:14, ఆలోచనకర్తలు అనేకులుంటే రక్షణ అని అందరికీ కంఠతా వచ్చు. దాని కిందదే 15, ఎదుటివాడికి పూటబడినవాడు, అంటే ష్యూరిటీ ఉన్నవాడు, చెడిపోతాడని. ఇన్నేళ్లు చదివీ ఈ రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయని చూసుకోలేదు.

అనేకులంటే తలలు లెక్కపెట్టుకోకండమ్మా అన్నారు. ఇశ్రాయేలు రాజు అహాబుని సుమారు 400 మంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్లమన్నారు, మీకాయా ఒక్కడే కీడు చెప్పాడు. అహాబు రామోత్గిలాదులో బాణం తగిలి పోయాడు. సొలొమోను కొడుకు రెహబాము పెద్దల్ని అడిగి, తనతో పెరిగిన కుర్రాళ్ల మాట పట్టుకుని రాజ్యం చీల్చుకున్నాడు. అడిగే ముగ్గురిలో ఒకరికి ఆ లెక్క తెలియాలి, ఒకరికి మన ఇంటి రాబడి, అప్పులు తెలియాలి, ఎవరికీ అందులో పైసా లాభం ఉండకూడదు. సగం దాచి అడిగితే సగం సలహాయే వస్తుంది. 'ప్రార్థనలో తెలిసిపోయింది' అని మొదలుపెడితే ఎదుటివాళ్లు ఇంకేం చెబుతారు?

"ఈ డబ్బు పోయిందనుకుంటే తట్టుకోగలరా అమ్మా? తట్టుకునేంత చేతికివ్వండి, సంతకం వద్దు." అక్కడే ఏడుపు ఆగలేదు. ఫీజు మాటెత్తితే పెన్సిలు జేబులో పెట్టుకుని, టీ తాగి వెళ్లమన్నారు.

ఒకటి అనకుండా ఉండలేను. బ్యాంకు కాగితమంతా ఇంగ్లీషు, సంతకాలకి 20 చోట్ల ఇంటూ మార్కులు, కాపీ అడిగితే "తర్వాత". సంఘాల్లోనూ కమిటీ కూర్చుంటే స్లాబు, సౌండ్ సిస్టమ్ మాటలే, ఇలాంటి కష్టాలు వినేవాళ్లుండరు. పాస్టరు అయ్యగార్ల తప్పని అనను, ఆదివారం మూడు ఆరాధనలు చేసే మనిషి ఎన్ని వింటారు? మోషేకి మామ యిత్రో చెప్పాడుగా, జనం తగవులు వినడానికి పదిమందికి ఒకణ్ణి పెట్టమని.

అయ్యో, ఫారాన్ని ఫోన్లో ఫోటో తీసుకోనిచ్చిన కౌంటర్ అమ్మాయికి, 14 పేజీలు ప్రింటు తీసి 10కే డబ్బులు తీసుకున్న జిరాక్సు అబ్బాయికి, స్త్రీల సమాజం అక్కలకి వందనాలు. ఆ చుట్టానికి కూడా. చేతికిచ్చింది తీసుకుని "సరేలే వదినా" అన్నాడు.