బాలింత పథ్యంలో నీళ్లకు కోత ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

గడిచిన ఎండాకాలం మా చిన్నమ్మాయిని కాన్పయ్యాక దేవరకొండ దగ్గరి మా ఊరికి తెచ్చుకున్నాము. నీళ్లు తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని ఇంటి పెద్దలు పూటకు అరగ్లాసు వేడినీళ్లకు మించి ఇవ్వనివ్వలేదు. నా కాన్పులూ అట్లాగే గడిచాయి గనుక నేనూ అడ్డు చెప్పలేదు. ఐదో రోజుకు మా అమ్మాయి మలబద్ధకంతో, మూత్రంలో మంటతో అల్లాడిపోతే ఆసుపత్రికి తీసుకుపోయాము. ఒంట్లో నీళ్లు తగ్గాయని, పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్లు ఇవ్వాలని డాక్టరమ్మ నన్నే కోప్పడింది.

అంతమాత్రాన పథ్యమంతా తప్పంటే నేను ఒప్పుకోను. నా కాన్పులప్పుడు మా అమ్మ శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము విడివిడిగా దోరగా వేయించి, రోట్లో దంచి, పలుచటి బట్టతో జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసి కాయం చేసేది. పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత ముద్ద నోట్లో పెడితే ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగేవి గానీ కాసేపటికి కడుపు తేలికపడి ఆకలయ్యేది. నెయ్యి, వెల్లుల్లి కారం కలిపిన పాతబియ్యం అన్నం, జొన్న గటక, నువ్వుల పొడి కూడా మంచి తిండే. తైదల (రాగుల) జావ సంగతి చెప్పనే అక్కర్లేదు. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

నా బాధంతా పథ్యం పేరుతో మానిపించే వాటి గురించే. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంటే, మనం పప్పు వాతమని, ఆకుకూర బిడ్డకు పడదని, గుడ్డు వేడి అని ఒక్కొక్కటే తీసేసి కారం మెతుకులు మిగులుస్తున్నాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవలసిన ఐరన్ మాత్రలు మా వాడలో చాలా ఇండ్లలో గూట్లోనే ఉండిపోతాయి.

2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో బాలింతకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. పురుటి మైల పేరుతో ఆమె గడప దాటదు. ఇంటికి తెచ్చిన గుడ్డు పెద్దపిల్లల కంచంలోకి పోతుంది.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆ రోజుల్లో బాలింతతో పాటు ఆమె తల్లినీ అత్తనూ ఎదురుగా కూర్చోబెట్టి, కాయం మానమనకుండానే, నీళ్ల చెంబు, పప్పు, మునగాకు, గుడ్డు ఆమె దగ్గరికి చేరేలా చెప్పాలని జిల్లా వైద్యాధికారులు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా