పద్ధతి చెప్పని ఫలితాన్ని ఎలా నమ్మాలి?

సంపాదకులకు నమస్కారం.

ఫలానా మందు ఫలానా జబ్బుకు ఇంత శాతం మేలు చేసిందన్న వార్తలు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. ఆ శాతం ఎలా తేలిందన్నది వార్తలో ఉండదు సరే, చాలాసార్లు దానికి ఆధారమైన వైద్య పత్రికలోని వ్యాసంలోనూ సరిగా ఉండదు. గణాంకశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ రెండోదే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

'రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించాము' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టిన వ్యాసాలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి. ఏ రోగి ఏ వర్గంలోకి వెళ్లాలో చెప్పే వరుసను ఎవరు తయారుచేశారో, తర్వాత చేరబోయే రోగికి అసలు మందు పడుతుందో ఉత్తుత్తి మాత్ర పడుతుందో చేర్చుకునే వైద్యుడికి ముందే తెలిసే వీలుందో లేదో అందులో కనబడదు. తెలిస్తే ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని ఆపాలి అన్న నిర్ణయం ఒకవైపు ఒరుగుతుంది. అందుకు దురుద్దేశమే అక్కర్లేదు, రోగి మీద జాలి కూడా చాలు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1948 నాటి నివేదికలో, కేటాయింపు వరుస సీలు వేసిన కవర్లలో ఉండేదనీ, రోగిని ఎంపిక చేశాకే కవరు విప్పేవారనీ స్పష్టంగా రాసింది. అప్పుడు కుదిరిన రెండు వాక్యాలు ఇప్పుడెందుకు కుదరవు?

చెప్పనంత మాత్రాన చెయ్యనట్టా అని కొందరు వాదిస్తారు. చికిత్సలను రోగుల మీద పరీక్షించి చూసిన 250 ట్రయల్స్‌ను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, కేటాయింపు గుట్టు సరిగా కాపాడని వాటిలో చికిత్స ప్రభావం ఆడ్స్ నిష్పత్తి (రెండు వర్గాల్లో ఒక ఫలితం కలిగే అవకాశాలను పోల్చే కొలత) లెక్కన 41 శాతం పెరిగి కనిపించింది. కాపాడారో లేదో స్పష్టంగా చెప్పనివాటిలో కూడా ఆ పెరుగుదల 30 శాతం ఉంది. మౌనం అంత అమాయకమైనదేమీ కాదు.

నియమాలు లేక కాదు. ట్రయల్ గురించిన వ్యాసంలో ఏమేమి రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు 1996లోనే వచ్చాయి. 2001, 2010, 2025 సంవత్సరాల్లో వాటిని సవరించారు. పేరున్న పత్రికలు ఆ జాబితాను నింపి పంపమని రచయితలను అడుగుతాయి కూడా. రచయిత ప్రతి అంశానికీ ఎదురుగా ఓ పేజీ నంబరు వేస్తాడు, ఆ పేజీ తిరగేస్తే మళ్లీ అదే ఒక్క వాక్యం ఉంటుంది. నంబరు ఉందా అని చూసేవారే తప్ప, ఆ పేజీలో విషయం ఉందా అని చూసేవారు తక్కువ. చోటు చాలదన్న సాకు ఇంటర్నెట్‌లో అనుబంధాలు పెట్టే రోజుల్లో చెల్లదు.

మందుల్లేని చికిత్సల సంగతి మరీ అన్యాయం. వ్యాయామం చేయించామంటారు గానీ, రోజుకు ఎన్ని నిమిషాలు, ఎన్ని వారాలు, ఎవరి పర్యవేక్షణలో అన్నది చెప్పకపోతే, చదివిన వైద్యుడు తన రోగికి ఏమని రాసివ్వాలి?

వివరాలు లేని వ్యాసాన్ని, ఫలితం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, వైద్య పత్రికల సంపాదకులు వెనక్కి పంపాలి. మీ పత్రిక కూడా ట్రయల్ వార్త వేసినప్పుడల్లా రోగులను ఎలా కేటాయించారో, మధ్యలో ఎందరు తప్పుకున్నారో, కొలుస్తామని ట్రయల్‌కు ముందే నమోదు చేసిన ప్రధాన ఫలితమూ చివరికి ప్రకటించిందీ ఒకటేనో కాదో రాయాలని, ఈ వివరాలు వ్యాసంలో దొరకకపోతే ఆ మాటే అచ్చు వేయాలని నా మనవి.

— ఒక పాఠకుడు